యాస మీద మొదలై మతం మీద తేలిన నింద: లండన్ మంటల గురించి రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర రాసే, అనువదించే, తరగతి గదిలో చెప్పే మిత్రులందరికీ నమస్కారం.

1666 నాటి లండన్ అగ్నిప్రమాదం గురించి రాసేటప్పుడు ఒక్క వాక్యంతో సరిపెట్టడం సులువు: "మంటలు పెట్టింది క్యాథలిక్కులేనని పుకారు లేచింది, ఒక ఫ్రెంచివాణ్ణి ఉరితీశారు." అందులో అబద్ధం లేదు. అయినా అది పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. నిప్పు రేగిన వారంలో లండన్ వీధుల్లో దెబ్బలు తిన్నవారిలో డచ్చివాళ్లూ ఉన్నారు. డచ్చి దేశం లండన్ లాగే ప్రొటెస్టెంట్ దేశం. ఉరికంబం ఎక్కిన మనిషి కూడా ప్రొటెస్టెంటేనని అతన్ని ఎరిగినవాళ్లు చెప్పారు. "క్యాథలిక్కులే తగలబెట్టారు" అన్న మాటను నగర పాలకులు రాతి మీద చెక్కించింది 1681లో, మంటలు ఆరిన పదిహేనేళ్లకు. పరాయి యాస మీద మొదలైన అనుమానం ఒక మతం మీద తీర్పుగా ఎలా స్థిరపడిందో చెప్పకపోతే ఆ కథలో సగం చెప్పనట్టే. ఈ ఉత్తరం ఆ సగం కోసం.

ముందు నిప్పు సంగతి రాయండి. ఎందుకంటే పుకారుకు ముడిసరుకంతా నిప్పే అందించింది. సెప్టెంబరు 2, ఆదివారం, అర్ధరాత్రి దాటాక పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే రొట్టెల తయారీదారు ఇంట్లో మంట లేచింది. వేసవంతా వానలు లేక కొయ్య ఇళ్లు ఎండి ఉన్నాయి. తూర్పుగాలి బలంగా వీస్తోంది. కొద్ది దూరంలో థేమ్స్ స్ట్రీట్ గోదాముల నిండా తారు, నూనె, కొవ్వు, తాళ్లు. నదిలోంచి నీళ్లు తోడే చక్రాలు లండన్ బ్రిడ్జి ఉత్తరపు కొసన ఉండేవి. అవి మొదట్లోనే కాలిపోయాయి. ఇళ్లు పడగొట్టి మంటకు దారి లేకుండా చేయాల్సిన సమయంలో మేయరు థామస్ బ్లడ్‌వర్త్ వెనకాడాడు. గురువారం నాటికి 13,200 ఇళ్లు, సెయింట్ పాల్ కెథడ్రల్, 436 ఎకరాల నగరం బూడిదైంది. చర్చిల లెక్క దగ్గర కాస్త జాగ్రత్త: మంటల జ్ఞాపకంగా నగరంలో కట్టిన స్మారక స్తంభం మీది శాసనం 89 అంటుంది, చరిత్రకారులు పారిష్ చర్చిలను 87గా లెక్కిస్తారు. ఏది రాసినా ఎవరి లెక్కో చెప్పండి.

ఇప్పుడు ఆ గాలినే పుకారు వైపు నుంచి చూడండి. ఎండిన కొయ్య, తారు కలిసి మండితే నిప్పుకణికలు పైకి లేచి గాలివాటున ముందుకు వెళ్లి పడతాయి. మంట ఇంకా చేరని వీధిలో, నడుమ ఇళ్లన్నీ పదిలంగా ఉండగానే, ఒక ఇంటి కప్పు అంటుకుంటుంది. కింద నిలబడి చూసేవాడికి కణిక కనిపించదు, అంటుకున్న ఇల్లే కనిపిస్తుంది. "మంట ఇక్కడికి రాలేదు కదా, మరి ఇదెలా అంటుకుంది? ఎవడో విసిరాడు" అన్న ఆలోచన అక్కడ పుడుతుంది. "నిప్పుబంతులు" అనే మాట నగరమంతా పాకడానికి కారణం ఇదే. అది మూర్ఖుల ఊహ అని తేల్చేయొద్దు. కళ్లతో చూసినదానికి దొరికిన అతి దగ్గరి వివరణ అది. తర్వాతి రోజుల్లో మంటకు అడ్డుకట్టగా ఇళ్లను మందుగుండుతో పేల్చినప్పుడు ఆ చప్పుళ్లు శత్రువు ఫిరంగుల్లా వినిపించాయి.

శత్రువు ఉన్న మాట నిజమే. 1665 నుంచి ఇంగ్లండు డచ్చివారితో యుద్ధంలో ఉంది; 1666 జనవరిలో ఫ్రాన్సు డచ్చివారి పక్షాన చేరింది. మంటలకు నెల తిరక్కముందే, ఆగస్టులో, రాబర్ట్ హోమ్స్ అనే ఇంగ్లిషు నౌకాధికారి డచ్చి తీరంలో 140కి పైగా వర్తక నౌకలను, టెర్‌షెలింగ్ ద్వీపంలోని ఒక ఊరిని తగలబెట్టాడు. లండన్‌లో దానికి పండగ చేసుకున్నారు. కాబట్టి సెప్టెంబరులో తమ ఊరు కాలుతుంటే "వాళ్లు బదులు తీర్చుకున్నారు" అనిపించడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు. పాత జ్ఞాపకాలూ కలిశాయి: 1605లో పార్లమెంటు కింద క్యాథలిక్ కుట్రదారులు మందుగుండు పెట్టిన ఉదంతం, అదే 1666 ఏప్రిల్‌లో రాజును చంపి సెప్టెంబరు 3న నగరానికి నిప్పు పెట్టాలని పన్నాగం పన్నారని రాత్‌బోన్ అనే మాజీ సైనికాధికారికీ, అతని అనుచరులకూ వేసిన మరణశిక్ష. రాత్‌బోన్ ముఠా క్యాథలిక్కులది కాదు, రాచరికం వద్దన్న పాత సైనికులది. ఈ ముక్క దాదాపు ఎవరూ రాయరు. రాస్తే, నింద ఎటు తిరగడానికైనా వీలుండేదనీ, చివరికి ఒక్క వైపే తిరగడం ఎవరో తిప్పితే జరిగిందనీ పాఠకుడికి తెలుస్తుంది.

వార్త ఆగిపోయింది కూడా. సోమవారం తెల్లవారకముందే తపాలా కార్యాలయం కాలిపోయింది. ప్రభుత్వ వార్తాపత్రిక లండన్ గెజెట్ అచ్చయ్యే ముద్రణాలయమూ పోయింది. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక సెప్టెంబరు 10 దాకా రాలేదు. లండన్ నుంచి ఉత్తరం రాకపోవడమే పొరుగూళ్లలో కుట్రకు రుజువైంది. నగరంలోనేమో వారం పాటు అధికారికమైన మాట అచ్చులో లేదు. పుకారు ఎందుకు వ్యాపించిందని రాసేటప్పుడు జనం భయం గురించి నాలుగు పేజీలు రాసి, ఈ తపాలా సంగతి వదిలేయకండి.

ఇక వీధుల్లో జరిగినది. రెండు ఉదంతాలు తప్పక చెప్పమని కోరతాం, ఎందుకంటే అవి పుకారు లోపలి యంత్రాన్ని విప్పి చూపిస్తాయి. ఒకటి నగరం గోడ బయటి మైదానం మూర్‌ఫీల్డ్స్‌లో. ఒక ఫ్రెంచివాడు పెట్టెలో నిప్పుబంతులు మోసుకెళ్తున్నాడని జనం అతన్ని చంపినంత పని చేశారు. పెట్టెలో ఉన్నవి టెన్నిస్ బంతులు. ఆనాటి వెస్ట్‌మినిస్టర్ విద్యార్థి విలియం టాస్‌వెల్ తన అన్నదమ్ముడు కళ్లారా చూసి చెప్పినట్టుగా దీన్ని రాసిపెట్టాడు. గమనించండి: ఇది టాస్‌వెల్ చూసింది కాదు, విన్నది. ఆ తేడా మీ వాక్యంలో కూడా కనపడాలి. పుకార్ల మీద రాసేటప్పుడు మనమే విన్నదాన్ని చూసినదిగా రాస్తే ఎలా?

రెండోది ఇంకా విలువైనది. పోర్చుగల్ రాయబారి సేవకుడొకణ్ణి జనం పట్టుకున్నారు. అతను జేబులోంచి నిప్పుబంతి తీసి ఒక ఇంట్లోకి వేయడం, వెంటనే మంట రావడం తాను చూశానని ఒక సాక్షి చెప్పాడు. హోలిస్ ప్రభువు ఆ సేవకుణ్ణి విచారించాడు; ఈ ఉదంతాన్ని రాసిపెట్టినవాడు రాజు ప్రధానమంత్రి లాంటి ఛాన్సలర్ క్లారెండన్. నేలమీద రొట్టె ముక్క కనబడితే, అది తొక్కుడు పడకూడదని తీసి పక్క ఇంటి గుమ్మం లోపలి బల్ల మీద పెట్టానని, తమ దేశంలో అది ఆచారమని అతను చెప్పాడు. హోలిస్ స్వయంగా వెళ్లి చూశాడు. రొట్టె ముక్క అక్కడే ఉంది. కాలిన ఇల్లు దానికి రెండిళ్ల అవతల. సాక్షి అబద్ధమాడలేదు. చెయ్యి జేబు దగ్గర కదలడం చూశాడు, ఆ చెయ్యి ఇంటి లోపలికి వెళ్లడం చూశాడు, అదే వరసలో మంట చూశాడు. నడుమ ఖాళీని తన భయంతో పూరించాడు. అన్నాన్ని కళ్లకద్దుకునే మన పాఠకులకు ఆ రొట్టె ముక్క సంగతి ఇట్టే అర్థమవుతుంది. తప్పు తేలాక కూడా ఆ సేవకుణ్ణి వెంటనే వదల్లేకపోయారు. బయట జనం శాంతించేదాకా కావలిలోనే ఉంచమన్నారు. అమాయకుడని తేలినవాడికి జైలే రక్షణ కావడం ఆ వారం లండన్ పరిస్థితి.

మంటలు తగ్గుముఖం పట్టాక, ఆరుబయట పడుకున్న వేలమంది మధ్య ఫ్రెంచి, డచ్చి సేనలు దిగాయని, నగరంలోకి వచ్చేస్తున్నాయని కేకలు లేచాయి. చేతికందిన ఆయుధాలతో జనం పరదేశీయుల మీద పడ్డారు. సైన్యం వచ్చి ఆపాల్సి వచ్చింది. గురువారం రెండో చార్లెస్ రాజు స్వయంగా మూర్‌ఫీల్డ్స్‌కు వెళ్లి, ఇది కుట్ర కాదు, దేవుడి చెయ్యి అని చెప్పాడు.

అనువాదకులారా, ఈ "దేవుడి చెయ్యి" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దాన్ని "దైవశిక్ష" అని తెనిగిస్తే అర్థం తలకిందులవుతుంది. రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ విచారణ తేల్చింది ఇది: దేవుడి చెయ్యి, పెనుగాలి, పొడి కాలం తప్ప మరో కారణం దొరకలేదు. అక్కడ ఆ మాటకు "ఏ మనిషి చెయ్యీ లేదు" అని అర్థం. మనకు "దైవికం" అనే చక్కని మాట ఉంది. "దైవికంగా జరిగింది" అంటే ఎవరి తప్పూ లేదనే మనం అర్థం చేసుకుంటాం. అదే వాడండి. సెప్టెంబరు 10న బయటికి వచ్చిన గెజెట్ కూడా పరదేశీయుల్ని అనుమానంతో నిర్బంధించిన సంగతి చెబుతూనే, మంట ఒకే వరుసలో గాలివాటున సాగిన తీరు చూస్తే ఇది దురదృష్టమే అని రాసింది. ఆ వెంటనే, సరిగ్గా చెప్పాలంటే మన పాపాలకు దేవుడి బరువైన చెయ్యి అనీ చేర్చింది. ఒకే వాక్యంలో నిర్దోషిత్వం, నింద రెండూ.

పాపాలంటే ఎవరి పాపాలు? ఇక్కడ ఎవరి జవాబు వారిది. పుడ్డింగ్ లేన్‌లో మొదలై "పై కార్నర్" (Pye Corner) అనే చోట ఆగింది కాబట్టి తిండిపోతుతనమే పాపమన్నారు కొందరు. రెండూ వినడానికి తినుబండారాల పేర్లు మరి. టెర్‌షెలింగ్‌కు ఇదే ప్రతిఫలమని డచ్చివారు అనుకున్నారు. అక్టోబరులో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ నాస్తికత్వాన్ని అణిచే బిల్లును చర్చిస్తూ తత్వవేత్త థామస్ హాబ్స్ రాతల మీద సమాచారం సేకరించమంది. "మతపరమైన నింద" అని మీరు రాసేటప్పుడు, నగరం తనను తాను నిందించుకున్న ఈ మార్గాన్నీ, ఎదుటివాణ్ణి నిందించిన మార్గాన్నీ విడివిడిగా చూపించండి.

ఉరితీసిన ఆ ఫ్రెంచివాడు రాబర్ట్ హ్యూబర్ట్ దగ్గర జరిగే పొరపాటు ఒకటే: "నేరం ఒప్పుకున్నాడు" అని రాసి వదిలేయడం. ఒప్పుకోలు వివరాలు రాయండి, అది దానంతటదే కూలిపోతుంది. ఫ్రాన్సులోని రూవాన్‌కు చెందిన 26 ఏళ్ల ఈ గడియారాల పనివాడు ఎసెక్స్‌లోని రోమ్‌ఫోర్డ్‌లో పట్టుబడ్డాడు. మొదట వెస్ట్‌మినిస్టర్‌లో నిప్పు పెట్టానన్నాడు. మంటలు అసలు వెస్ట్‌మినిస్టర్‌కు చేరలేదు. తర్వాత పుడ్డింగ్ లేన్‌కు మార్చాడు. తోడున్నవారి లెక్క మారుతూ పోయింది. శరీరం సరిగా స్వాధీనంలో లేనివాడు. అతన్ని తెచ్చిన ఓడ కెప్టెన్, మంటలు మొదలైన రెండు రోజులకు గానీ అతను ఒడ్డున దిగలేదని చెప్పాడు. అది బయటపడే సరికి ఉరి అయిపోయింది. జడ్జీలు గానీ, విచారణ చూసినవారు గానీ అతను దోషి అని నమ్మలేదని, బతుకు మీద విసుగెత్తిన మతిచెడిన మనిషి అనుకున్నారని క్లారెండన్ రాశాడు. మరి ఉరి ఎలా పడింది? కాలిపోయిన చోటుకు తీసుకెళ్తే రొట్టెల ఇల్లు ఉన్న స్థలం చూపించాడు, ఒప్పుకోలు వెనక్కి తీసుకోలేదు. అభియోగపత్రం మీద సంతకం చేసినవారిలో ఫారినర్ కుటుంబంవారు ముగ్గురు ఉన్నారు. పొయ్యి ఆర్పానని ప్రమాణం చేసిన ఇంటి యజమానికి, ఎవరో కావాలని పెట్టారని రుజువైతే బరువు దిగుతుంది. అక్టోబరు చివర్లో టైబర్న్‌లో ఉరి జరిగింది.

కామన్స్ సభ సెప్టెంబరు 25న వేసిన విచారణ సంఘం కుట్ర కథలను కుప్పలుగా సేకరించి 1667 జనవరిలో సభ ముందు పెట్టింది. ఫిబ్రవరిలో రాజు సమావేశాలను ముగించడంతో ఏ తీర్పూ రాలేదు. కానీ అప్పటికే, 1666 నవంబరులో, క్యాథలిక్ పూజారుల్నీ, జెసూట్లు అనే క్యాథలిక్ సన్యాసుల్నీ దేశం విడిచి పొమ్మని రాజాజ్ఞ వెలువడింది. కుట్ర లేదన్న రాజే, సభ ఒత్తిడికి ఆ ఆజ్ఞ మీద సంతకం చేశాడు. అందుకే "రోము తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడు" అనే సామెతతో ఈ కథను జతకట్టొద్దని మనవి. నీరో వాయిద్యం కథ కూడా పుకారేనన్నది పక్కన పెట్టండి. అక్కడ, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ చెప్పిన ప్రకారం, తన మీది అనుమానాన్ని పాలకుడే క్రైస్తవుల మీదికి తోశాడు. లండన్‌లో పాలకుడు కాదన్నా నింద గెలిచింది. రెండింటిదీ ఒకే పాఠం కాదు.

తేదీలు చూసి పుకారును ఎలా పరీక్షించవచ్చో చూపాలంటే జాన్ గ్రాంట్ ఉదంతానికి మించినది లేదు. లండన్ మరణాల పట్టికలను లెక్కగట్టి జనాభా శాస్త్రానికి పునాది వేసినవాడు. తర్వాత క్యాథలిక్ అయ్యాడు. నగరానికి నీళ్లిచ్చే న్యూ రివర్ కంపెనీలో అతనికి అధికారం ఉందని, మంటల ముందటి శనివారం ఇస్లింగ్టన్ వెళ్లి కుళాయిలన్నీ కట్టేసి తాళంచెవులు పట్టుకుపోయాడని ప్రచారమైంది. బిషప్ బర్నెట్ దాన్ని తన చరిత్రలోకి కూడా ఎక్కించాడు. కంపెనీ పుస్తకాల ప్రకారం గ్రాంట్ ఆ పాలకవర్గంలో చేరింది 1666 సెప్టెంబరు 25న, నిప్పు పుట్టిన 23 రోజులకు. గొట్టాల్లో నీళ్లు రాకపోవడానికి కారణం వేరే ఉంది: జనం వీధులు తవ్వి కొయ్య గొట్టాలను ఎక్కడికక్కడ కోసి నీళ్లు తోడుకోవడంతో ఒత్తిడి పడిపోయింది. ఆ మంటల్లో గ్రాంట్ ఇల్లూ కాలిపోయింది.

ఇక రాతి సంగతి. వాస్తుశిల్పి రెన్, శాస్త్రవేత్త హుక్ రూపొందించిన 202 అడుగుల స్మారక స్తంభం 1677లో పూర్తయినప్పుడు దాని మీద క్యాథలిక్కుల ఊసు లేదు. 1678లో, రాజును చంపడానికి క్యాథలిక్కులు పన్నాగం పన్నారంటూ టైటస్ ఓట్స్ అనేవాడు అల్లిన "పోప్ కుట్ర" కథ దేశాన్ని ఊపేసింది. అమాయకులు ఉరికంబం ఎక్కారు. ఆ వేడిలో, 1681లో, నగర పాలకులు స్తంభం మీద కొత్త మాటలు చెక్కించారు: ఇంత ఘోరానికి ఒడిగట్టిన పోప్ పక్షపు ఉన్మాదం ఇంకా చల్లారలేదని లాటిన్‌లో, ప్రొటెస్టెంట్ నగరాన్ని పోప్ ముఠా ద్రోహంతో కాల్చిందని ఇంగ్లిషులో. పుడ్డింగ్ లేన్‌లో మరో పలక పెట్టి హ్యూబర్ట్‌ను వారి ఏజెంటుగా పేర్కొన్నారు. రాజు తమ్ముడు జేమ్స్ 1666లో మంటలార్పే పనికి నాయకత్వం వహించినవాడు. ఆ తర్వాత క్యాథలిక్ అయ్యాడు. 1685లో అతను గద్దెనెక్కగానే తిరగబడిన మన్మత్ డ్యూక్ తన ప్రకటనలో లండన్‌ను కాల్చిన నేరాన్ని అతని మీదే మోపాడు. జేమ్స్ ఆ చెక్కుడు తీయించాడు. 1689లో అతని స్థానంలో ప్రొటెస్టెంట్ రాజు విలియం వచ్చాక మళ్లీ చెక్కారు. చివరికి 1830లో, క్యాథలిక్కులకు పౌరహక్కులిచ్చిన మరుసటి ఏడు, తొలగించారు. మంటలు లేచిన 164 ఏళ్లకు.

రాసేటప్పుడు పనికొచ్చే నాలుగు మాటలు. ఇంగ్లండు అప్పుడు పాత క్యాలెండరు వాడేది. సెప్టెంబరు 2 ఐరోపా ఖండంలో 12. డచ్చి, ఫ్రెంచి వార్తల తేదీలు కలిపి రాసేటప్పుడు సవరించకపోతే వార్త మంట కన్నా ముందు పుట్టినట్టు కనిపిస్తుంది. "పేపిస్ట్" (పోప్ మనిషి) అనేది ఆనాడు క్యాథలిక్కులను తిట్టే మాట. ఎవరో అన్న మాటగా చెప్పేటప్పుడు తిట్టుగానే ఉంచండి, మీ కథనంలో మాత్రం "క్యాథలిక్కులు" అనండి. రెండుచోట్లా ఒకే మాట వేస్తే తిట్టు మాయమైపోతుంది. "పోపు" అని రాస్తే వంటింటి పోపుతో గజిబిజి, "పోప్" అని హలంతంగా రాయండి. "ఆరుగురే చనిపోయారు" అనకండి, "నమోదైన మరణాలు ఆరు" అనండి. మంటలు ప్లేగును అంతం చేశాయన్న మాట తీసేయండి. ప్లేగు అప్పటికే తగ్గుతోంది, అది ఎక్కువగా చంపిన శివారు పేటలు అసలు కాలనే లేదు.

స్తంభం బొమ్మ వేసినప్పుడు దాని కింద కట్టిన ఏడాది ఒక్కటే వేసి ఊరుకోకండి. 1677, 1681, 1685, 1689, 1830 ఐదూ వేయండి. చోటు చాలకపోతే 1681, 1830 అయినా ఉంచండి.

ఇట్లు,
మీ తోటి చరిత్ర అధ్యాపకులు, అనువాదకులు